మా ఆయన చేపలు తింటారు, నేను తినను: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పుట్టింది కోటిపల్లి దగ్గర, ఉల్లిపాయ తరగాలన్నా ముందు వారం, తిథి చూసుకునే ఇంట్లో. మెట్టింది భీమవరం పక్కన రొయ్యల చెరువులు చేసేవాళ్ల ఇంట్లో. ఇష్టపడి చేసుకున్న పెళ్లే, పంతొమ్మిదేళ్లయింది. మా చిన్నాన్న కూతుళ్ల దగ్గర్నుంచి రైల్లో పక్క సీటులో కూర్చున్నావిడ వరకూ అందరూ అవే ప్రశ్నలు అడుగుతుంటారు. చెప్పి చెప్పి అలిసిపోయి ఇలా రాసి పెడుతున్నాను.

అలాంటి ఇంట్లో ఎలా నెగ్గుకొస్తున్నారండీ?

ముందు ఆ "అలాంటి" అనే మాట తీసేయండి. మన వైపు అలాంటి ఇళ్లే ఎక్కువ. జనగణన శాఖవాళ్లు 2014లో చేసిన నమూనా సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులే అని తేలింది. అందులోనూ మనది కాలువలు, చెరువులు, పక్కనే సముద్రం ఉన్న గోదావరి డెల్టా. ముక్క లేనిదే ముద్ద దిగనివాళ్ల మధ్య తేడాగా ఉన్నదాన్ని నేనే.

మా ఇంట్లో రెండు మాటలు నిషేధం. నేను "ఛీ" అనకూడదు. ఆయన "గడ్డి" అనకూడదు. పెళ్లయిన మొదటి సంవత్సరం ఇద్దరం ఈ రెండు మాటలూ దండిగా వాడుకున్నాం. నేను ముక్కు మూసుకుని వరండాలోకి పోయేదాన్ని. ఆయనేమో నా కంచంలోకి తొంగి చూసి "ఈ పూట ఏం గడ్డి?" అనేవారు. ఒకరోజు పెద్ద గొడవై, ఇద్దరం రెండు పూటలు తిండి మానేశాక ఈ ఒప్పందం కుదిరింది. మిగతా సర్దుబాట్లన్నీ దాని తర్వాత వచ్చినవే.

పెళ్లికి ముందే ఏం మాట్లాడుకోవాలి?

"నేను తినను, మీరు తింటే నాకేం అభ్యంతరం లేదు" అని ఇద్దరూ అనేసుకుని సంబరపడిపోతారు. మేమూ అదే చేశాం. తినడం అనేది పని మొత్తంలో ఆఖరి పావుగంట. దానికి ముందూ వెనకా చాలా ఉంది. చేప ఎవరు తెస్తారు? బజార్లోనే తోమించి ముక్కలు కోయిస్తారా, ఇంటికి తెచ్చి పెరట్లో కత్తిపీట వేస్తారా? వండేదెవరు? దాకలో మిగిలింది రాత్రికి ఎక్కడ పెడతారు? ముళ్లు, పొలుసులు ఎవరు పారేస్తారు? ఎంగిలి కంచం ఎవరు కడుగుతారు? పుట్టబోయే పిల్లల సంగతేమిటి?

ఇవన్నీ పెళ్లిచూపుల్లో అడగలేరనుకోండి, ఫోన్లు మాట్లాడుకునే రోజుల్లోనైనా అడగండి. అబ్బాయి "మా అమ్మ చూసుకుంటుంది" అంటే మాత్రం అక్కడే ఆగి ఇంకో రెండు ప్రశ్నలు వేయండి. అమ్మ ఎల్లకాలం వంటింట్లో ఉండదు.

నేను తినకపోయినా వండాలా?

వండి తీరాలని ఎక్కడా రాసి లేదు. వండకపోతే భార్య కాకుండా పోరు. నేను మొదటి మూడేళ్లు ముట్టుకోలేదు. అత్తయ్యగారు వండేవారు. ఆవిడ మోకాళ్లకు ఆపరేషన్ అయినప్పుడు నేను మొదలుపెట్టాను. ఎవరూ అడగలేదు. ఆయన వారం రోజులు హోటల్ పార్సిళ్లు తెచ్చుకుంటుంటే చూసి నాకే మనసొప్పలేదు.

ఒక్క షరతు పెట్టాను. పచ్చి చేప నేను కడగను. తోమించి, కోయించి, ఉప్పూ పసుపూ వేసి కడిగిన ముక్కలు గిన్నెలో పెట్టి గట్టు మీదికి చేర్చడం ఆయన పని. అక్కడి నుంచి నాది. మీకు పచ్చిదాన్ని చూస్తేనే కడుపులో తిప్పుతుంటే వంట జోలికే వెళ్లకండి, అందులో తప్పేం లేదు. మీ ఆయనకి వంట నేర్పండి. చెరువు మీద కాపలా ఉండే కుర్రాళ్లు ఇటుకల పొయ్యి మీద చేపల పులుసు ఎంత బాగా వండుకుంటారో మా ఆయనకూ తెలుసు.

మరి ఉప్పు చూడకుండా ఎలా వండుతారు?

అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. మొదట్లో కొలతలు పెట్టుకున్నాను. కిలో ముక్కలకి మెత్తటి ఉప్పు మూడు టీ చెంచాల కంటే కొంచెం తక్కువ, పెద్ద నిమ్మకాయంత చింతపండు. రాళ్లుప్పుతో ఈ లెక్క కుదరదు, ఒక చెంచాకీ ఇంకో చెంచాకీ తూకం మారిపోతుంది. కొలతలున్నా తప్పేది. ఒకసారి ఉప్పు రెండుసార్లు వేశాను. మామయ్యగారు ఒక్క మాట అనకుండా మజ్జిగ మీద మజ్జిగ పోయించుకుని తిని లేచారు. అది చూశాకే ఆయన మీద నాకు గౌరవం పుట్టింది.

తర్వాత ఎప్పటికో బుర్రలో వెలిగింది. పులుసు కాగేటప్పుడు అందులో చేప ఉండదు కదా! ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక కారం, పసుపు, చింతపండు రసం పోసి మరిగించినంతసేపూ, దాక నీసుదే అయినా, అందులో ఉన్నది నేను తినే పులుసే. ఆ దశలో శుభ్రమైన గరిటెతో అరచేతిలో చుక్క వేసుకుని రుచి చూస్తాను. ముక్కలు కొంత ఉప్పు పీల్చుకుంటాయి కాబట్టి నా నాలుకకి కాస్త ఎక్కువనిపించేదాకా వేస్తాను. తర్వాత ముక్కలు వదులుతాను. ఆపైన గరిటె పెట్టకూడదు, ముక్క చితికిపోతుంది. దాకని రెండు గుడ్డలతో పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. అంటే చేప పడ్డాక గరిటె కడిగే పనీ లేదు! ఇంత చిన్న తెలివి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఈ ఉపాయం రొయ్యల ఇగురుకి పనికిరాదు. రొయ్య నీళ్లు వదులుతుంది, కూర దగ్గరపడే కొద్దీ ఉప్పు తేలుతుంది. దానికి మా ఆయన్నే పిలిచి చెయ్యి పట్టమంటాను.

గిన్నెలు వేరుగా పెట్టుకోవాలా?

మట్టి దాక, ఇనుప మూకుడు, చెక్క గరిటె, కూరగాయల చెక్క: ఈ నాలుగూ తప్పకుండా వేరు. వీటికి కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, నూనె పీల్చుకుంటాయి. ఎంత తోమినా వేడెక్కగానే పాత వాసన బయటపడుతుంది. చేపల పులుసుకి మట్టి దాక పాతబడే కొద్దీ రుచి అని వాళ్లు మెచ్చుకునేదీ ఆ గుణాన్నే. స్టీలు, గాజు అయితే సబ్బుతో తోమితే చాలు. నాకు మనసొప్పక స్టీలువీ విడిగానే పెట్టాను. అది నా పట్టింపు, సైన్సు కాదు.

కడిగేటప్పుడు ముందు చన్నీళ్లతో కడగండి. వేడినీళ్లు పోస్తే చేపా గుడ్డూ మాంసంలోని మాంసకృత్తులు గడ్డకట్టి గిన్నెకి అంటుకుపోతాయి. జిడ్డు పోవడానికి వేడినీళ్లు, సబ్బు ఆ తర్వాత.

ఇల్లంతా నీసు వాసన. ఏం చేయాలి?

సముద్రపు చేప చచ్చాక దాని ఒంట్లోని ఒక పదార్థం ట్రైమిథైలమైన్ అనే దానిగా మారుతుంది. మనకి కొట్టే నీసు వాసన దానిదే. అది క్షారం, పులుపు తగిలితే విరుగుతుంది. మన అమ్మమ్మలకి ఈ పేరు తెలియకపోయినా చింతపండు, నిమ్మకాయ, మజ్జిగ వాడింది అందుకే. చెరువు చేపలది వేరే గొడవ. నీటి నాచు నుంచి, సూక్ష్మజీవుల నుంచి వచ్చే జియోస్మిన్ అనే పదార్థం వల్ల మట్టి వాసన వేస్తుంది. దానికీ పులుపే మందు.

కాబట్టి చేపలు కడిగిన తొట్టిలో పులుసు పిండగా మిగిలిన చింతపండు పిప్పి వేసి రుద్దండి. చేతులకీ అదే. అగరొత్తులు మాత్రం వెలిగించకండి. చేప వాసనకి మల్లెపూల వాసన తోడైతే నాకు తలనొప్పే.

వీటన్నిటికంటే మంచిది పెరటి పొయ్యి. మాకు వెనక వసారాలో ఒక గ్యాస్ పొయ్యి ఉంది, నీసంతా అక్కడే. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు బాల్కనీ వైపు కిటికీ తీసి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, పడగ్గది తలుపు మూసి అప్పుడు మొదలుపెట్టండి. ఎండుచేపలు, సావడాయలు (రిబ్బనులా పొడుగ్గా ఉండే చేపలు) కాల్చేటప్పుడైతే నేను చెప్పే ఉపాయం ఒక్కటే. గుడికి వెళ్లిపోండి.

ఫ్రిజ్ ఒక్కటే ఉంది.

పచ్చి మాంసం, చేప మూత గట్టిగా పట్టే డబ్బాలో అడుగు అరలో. కారినా కింద ఏమీ ఉండకూడదు. పెరుగు, పాలు, కోసిన కూరలు పై అరల్లో. ఇది శుభ్రత కోసం, అందరూ పాటించాల్సిందే. కోడి మాంసం మీద ఉండే క్రిములకి మన పట్టింపులేం తెలుస్తాయి?

అత్తగారు వంకాయ కూర అన్నారు, తింటే ఏదో తేడాగా ఉంది.

రొయ్యపొట్టు, అంటే ఎండబెట్టిన సన్న రొయ్యలు. నాకూ పెళ్లయిన నెలలోనే జరిగింది. అడిగితే అత్తయ్యగారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "అదేం నీసమ్మా, పొట్టేగా! రుచికి చిటికెడేశాను." ఆవిడ లెక్కలో అది ఇంగువలాంటిది. కావాలని చేసిన పని కాదు.

మన వైపు కూరగాయకీ నీసుకీ చుట్టరికం ఎక్కువ. ఆనపకాయలో రొయ్యలు, దోసకాయలో ఎండురొయ్యలు, వంకాయలో ఎండుచేప, చింతచిగురులో చిన్న రొయ్యలు, గోంగూరలోనూ రొయ్యలే. బంధువుల ఇళ్లలో "ఇది వెజ్జేనా" అని అడిగితే "వెజ్జేనండీ" అంటారు, వాళ్ల మనసులో ఉన్నది ముక్కలు లేవని. అందుకని "ఇందులో పొట్టు గానీ ఎండుచేప గానీ పడిందా పిన్నీ?" అని పేరు పెట్టి అడగండి. పొరపాటున తినేస్తే రాద్ధాంతం చేయకండి, నోరు కడుక్కుని పెరుగన్నానికి వెళ్లిపోండి. ఆ రోజు నేను ముద్ద ఉమ్మేసినందుకు అత్తయ్యగారికి తగిలిన దెబ్బ నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

పులస సీజన్‌లో ఎలా?

జూలై వస్తుంది, గోదారికి ఎర్రనీరు వస్తుంది, మా ఆయనకి జ్వరం లాంటిది వస్తుంది. సముద్రంలో విలస అని పిలిచే ఈ చేప గుడ్లు పెట్టడానికి వరద నీటికి ఎదురీదుతూ నదిలోకి వస్తుంది. ఆ ఈతలో పులస అవుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దాటి పైకి పోలేదు, అందుకే ఈ భోగమంతా మన డెల్టాదే. సెప్టెంబరుతో సరి. ఒక్క చేప పదివేలు దాటడం మన దగ్గర వార్తే కాదు. పుస్తెలమ్మైనా పులస తినాలనే సామెత ఉంది కదా. ఎవరి పుస్తెలు, ఎవరు తినడానికి అని నేను మా ఆయన్ని ఏటా అడుగుతాను. సమాధానం రాదు.

సలహా ఏమిటంటే, డబ్బు సంగతి ముందే తేల్చుకోండి. మాకు ఏడాదికి ఒక్క పులస, ఆయన ఇద్దరు అన్నదమ్ములతో వాటా. అదే రోజు నాకు ఆత్రేయపురం పూతరేకులు, నెయ్యి కారేవి. ఇది లంచమేనని ఇద్దరికీ తెలుసు. పులస పులుసు బెండకాయలు వేసి సన్నటి సెగ మీద వండి మర్నాడు తింటారు కాబట్టి దాక ఒక రాత్రి ఇంట్లో ఉంటుంది, దానికి చోటు ముందే చూసుకోండి. ఆ రోజున వదినలు, తోడికోడళ్లు "ఒక్క ముక్క, పులుసు మాత్రమే" అని బతిమాలతారు. నవ్వి ఊరుకోండి. పులస ఎందుకు తినకూడదో వివరించబోతే తెల్లారిపోతుంది.

కార్తీకం, పండగలు?

కార్తీకమాసం నాకు సెలవులు. ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, అంటే పంచారామాల్లో నాలుగు మన ఉమ్మడి గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి. ఆ నెల నీసు మానే ఇళ్లు చాలా ఉంటాయి, చికెన్ ధర కూడా దిగుతుంది. ఆయన సోమవారాలు మాత్రమే మానతారు. సరిగ్గా దీపావళికి అటూ ఇటూగానే యానాం రేవుల్లో చీరమేను (సన్నటి చేపపిల్లలు) పడుతుంది మరి! నేను పట్టుబట్టలేదు. ఆయన భక్తికి నేను జవాబుదారీని కాను.

సంక్రాంతిలో కనుమ అసలు పరీక్ష. గారెలు, నాటుకోడి పులుసు. ఇక్కడ గారె మా ఇద్దరికీ చుట్టం. కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి గారెలు నేనే వేస్తాను, కోడిని వెనక వసారాలో వాళ్లు చూసుకుంటారు. నావి అల్లం పచ్చడితో కొన్ని, పెరుగులో కొన్ని. అందరం ఒకే బంతిలో కూర్చుంటాం. వేరే గదిలో ముందే తినేసి రావడం మొదట్లో నేనూ చేశాను, అది చేయకండి. ఇంట్లో చుట్టంలా మిగిలిపోతారు.

ఆయన మా పుట్టింటికి వస్తే మొహం వేలాడేస్తున్నారు.

గోదావరి జిల్లాల్లో అల్లుడి మర్యాద ఎలా ఉంటుందో తెలిసిందే. చేప లేని విందులో తనకేదో లోటు చేశారనుకుంటారు పాపం. మా అమ్మ దీనికి విరుగుడు కనిపెట్టింది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, జీడిపప్పు ములక్కాడ, ముద్దపప్పులో కొత్తావకాయ, గుమ్మడికాయ దప్పళం. పొద్దున టిఫినుకి పనసాకుల బుట్టల్లో వండిన పొట్టిక్కలు. రెండో రోజుకి ఆయన చేప ఊసెత్తలేదు. మూడో రోజు మాత్రం "ఊళ్లో పనుంది" అని స్కూటర్ తీసుకుని వెళ్లి రెండు గంటలకి వచ్చారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. మూడు రోజులకి మించి ఉంచకండి.

హోటల్లో, ప్యాకెట్లలో ఎలా పోల్చుకోవాలి?

ప్యాకెట్ మీద ఆకుపచ్చ గడిలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. మాంసాహారానికి ఇదివరకు గోధుమ రంగు చుక్క ఉండేది. రంగులు తేడా తెలియనివాళ్ల కోసం దాన్ని త్రికోణంగా మార్చారు. ఆ లెక్కలో గుడ్డు మాంసాహారం కిందికే వస్తుంది, పాలు శాకాహారం. మందుల దుకాణంలో మెత్తటి క్యాప్సూళ్లలో వచ్చే విటమిన్ మందులు చూసుకోండి. వాటి పై తొడుగు ఎక్కువగా జెలటిన్, అది జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసేది. హోటల్లో అయితే మూకుడు, నూనె ఒకటేనా అని అడగండి. అడిగినా నిజం చెబుతారని లేదు. నేను ఇడ్లీతో సరిపెట్టుకుంటాను.

నీసు మానేస్తే బలం ఎక్కడిదని అత్తవారి బెంగ.

ఆ బెంగని కొట్టిపారేయకండి, కొంత నిజముంది. బి12 విటమిన్ మొక్కల నుంచి వచ్చే తిండిలో దాదాపు ఉండదు. తిండిలో పాలు, పెరుగు తప్ప మనకి పెద్దగా దారి లేదు. అవీ సరిగా తీసుకోకపోతే అరికాళ్ల తిమ్మిర్లు, నీరసం. నాకు రెండో కానుపప్పుడు తక్కువని తేలి డాక్టరు చెప్పినన్నాళ్లు మాత్రలు వాడాను. కడుపుతో ఉన్నవాళ్లు ఈ పరీక్ష గురించి మొహమాటపడకుండా అడగండి. ఇనుము ఆకుకూరల్లో ఉన్నా ఒంటికి తక్కువగా పడుతుంది. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది, తిన్న వెంటనే కాఫీ తాగితే తగ్గిపోతుంది. ఆ కాఫీ మానడమే నాకు కష్టమైంది. మాంసకృత్తులకి జాతీయ పోషకాహార సంస్థ లెక్క కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. యాభై అయిదు కిలోల మనిషికి సుమారు 46 గ్రాములు. వంద గ్రాముల వండని కందిపప్పులో ఇరవై రెండు దాకా ఉంటాయి. పప్పుచారు నీళ్లగా పోసుకుంటే రావు, ముద్దపప్పు తినాలి.

పిల్లలు?

మా అబ్బాయి తండ్రి పోలిక, ముల్లు తీసుకోవడం అయిదో ఏటే వచ్చేసింది. అమ్మాయి పదేళ్ల వరకూ తిని, చెరువు పట్టుబడి రోజున వలలో ఎగిరిపడుతున్న రొయ్యల్ని చూసి మానేసింది. మేమిద్దరం ఏమీ చెప్పలేదు. "అమ్మ మంచిది కాబట్టి తినదు" అని ఎవరైనా పిల్లలకి చెబుతుంటే మాత్రం అడ్డుపడతాను. అప్పుడు నాన్న ఏమవుతాడు?

ఇది అడగాలంటే సిగ్గుగా ఉంది. తిని వచ్చి దగ్గరికొస్తే…

సిగ్గెందుకు, అందరూ అడుగుతారు. పళ్లు తోముకుని రమ్మనండి. సోంపు చాలదు.

రొయ్యల డబ్బుతో బతుకుతూ శాకాహారం ఏమిటి?

మా ఆడపడుచు అడిగింది, అదీ నలుగురిలో. నా దగ్గర గొప్ప జవాబు లేదు. నా పప్పూ, నెయ్యీ, పిల్లల ఫీజులూ వనామీ రొయ్య పెట్టినవే. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని కౌంట్ అంటారు, అది తగ్గితే రొయ్య పెద్దదన్నమాట. ముప్పై కౌంట్ వచ్చిన ఏడాది మేం వసారా వేశాం, తెగులు తగిలి వంద కౌంట్‌కే పట్టేసిన ఏడాది నా గొలుసు బ్యాంకుకి వెళ్లింది. చెరువు మీద టెన్షన్‌తో ఆయన నిద్రపోని రాత్రుళ్లు నేనూ పోలేదు. నా నాలుకకి ఒక నియమం ఉంది, అంతే. దాన్ని చూపించి నేను పుణ్యాత్మురాలినని చెప్పుకోను.

మీకెప్పుడూ రుచి చూడాలనిపించలేదా?

లేదు. దగ్గరగా వెళ్లింది మాత్రం ఒకసారి. అత్తయ్యగారు ఆఖరి నెలల్లో మంచాన పడ్డారు, ఏమీ సయించేది కాదు. కొరమేను పులుసు కావాలన్నారు. నేనే చేశాను, పలచగా, కారం తగ్గించి. చెంచాతో పడుతూ "ఉప్పు సరిపోయిందా అత్తయ్యగారూ?" అని అడిగాను. ముక్కలు పడకముందే రుచి చూస్తానన్న సంగతి ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు. "నువ్వు చూసే వేశావుగా" అన్నారు.